తల్లిని అడిగిన ఇరవై ప్రశ్నలు



2002వ సంవత్సరం సంగతి చెబుతాను. అప్పటికి మన రాష్ట్రం ఒక్కటే. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాదు. ఈ జిల్లాల్లో కొన్ని ఊళ్ళు, కొన్ని బస్తీలు ఎంచుకుని, కొందరు చేత కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ఏడాది అటూ ఇటూ వయసున్న పిల్లలున్న ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళారు. బిడ్డని తూచారు. పొడవు కొలిచారు. ఇంట్లో ఎంతమంది, భూమి ఎంత, పశువులున్నాయా, తల్లి ఎంతవరకు చదువుకుంది, అన్నీ రాసుకున్నారు.

ఇంతవరకూ మనకి కొత్తేం కాదు. ఇలాంటి లెక్కలు రాసుకునేవాళ్ళు వస్తూనే ఉంటారు. కానీ ఆ వచ్చినవాళ్ళు తల్లిని కూర్చోబెట్టి ఇంకో ఇరవై ప్రశ్నలు కూడా అడిగారు.

అమ్మా, నీకు నిద్ర సరిగ్గా పడుతోందా? ఆకలి వేస్తోందా? తలనొప్పి తరచు వస్తోందా? మామూలు కంటే ఎక్కువ ఏడుపొస్తోందా? ఎప్పుడు చూసినా అలసటగానే ఉంటోందా? ఇలాంటివి. అవును, లేదు. అంతే జవాబు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ప్రశ్నలవి. అడగడానికి డాక్టరే కానక్కర్లేదు. కాస్త శిక్షణ ఉంటే చాలు.

ఈ పరిశోధన పేరు యంగ్ లైవ్స్. ఇథియోపియాలో, పెరూలో, వియత్నాంలో, మన తెలుగునేల మీద, నాలుగు చోట్లా ఒకేసారి మొదలైంది. అప్పుడు చంకలో ఉన్న పిల్లలు ఇప్పుడు ఇరవై దాటారు. వాళ్ళ జీవితాలని ఇప్పటికీ గమనిస్తూనే ఉన్నారు.

మన దగ్గర ఆ ఇరవై ప్రశ్నలకీ వచ్చిన జవాబులు లెక్క వేస్తే ఏం తేలిందో తెలుసా? పదిమంది తల్లుల్లో దాదాపు ముగ్గురు మనసు బాగోలేక బాధపడుతున్నారు. మళ్ళీ చెబుతాను. పదిమందిలో దాదాపు ముగ్గురు. వాళ్ళు ఆస్పత్రిలో ఉన్నవాళ్ళు కాదు. వంట చేస్తున్నారు, పొలానికి వెళుతున్నారు, బిడ్డని ఎత్తుకుని తిరుగుతున్నారు. వాళ్ళ మనసు బాగోలేదని ఎవరికీ తెలియదు. చాలామందికి తమకే తెలియదు.

ఇంకొకటి కూడా తేలింది. అలా బాధపడుతున్న తల్లుల పిల్లల్లో, వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఎక్కువగా కనిపించారు. పేదరికం వల్ల అనుకుంటాం కదా? పేదరికాన్నీ, చదువునీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా మిగిలింది. ఈ ఫలితం 2005లో ఒక వైద్య పత్రికలో అచ్చయింది.

తల్లి దిగులుకీ, బిడ్డ పొడుగుకీ ఏమిటి సంబంధం?

ఏడాది పిల్లకి అన్నం పెట్టడం ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. గిన్నెలో పప్పన్నం మెత్తగా కలుపుతాం. చంకనెత్తుకుని వాకిట్లోకి తీసుకెళతాం. అదిగో కాకి, ఇదిగో కుక్కపిల్ల అంటాం. ఒక ముద్ద తింటుంది. రెండోది ఉమ్మేస్తుంది. మూడోదానికి మొహం తిప్పేస్తుంది. బుజ్జగిస్తాం, పాట పాడతాం, అబ్బో అన్నం అయిపోయింది చూడు అని అబద్ధమాడతాం. గిన్నె ఖాళీ అయ్యేసరికి గంట. రోజుకి మూడు నాలుగు సార్లు ఇదే భాగోతం. దీనికి ఎంత ఓపిక కావాలి? ఇప్పుడు నాలుగు రాత్రులుగా నిద్ర లేని తల్లిని ఊహించండి. దేని మీదా మనసు పోవట్లేదు. ఆవిడ నాలుగు ముద్దలు పెట్టి, తినకపోతే లేచిపోతుంది. ప్రేమ లేక కాదు. ఓపిక లేక. పిల్లకి కాస్త ఒళ్ళు వెచ్చబడితే గమనించడం ఆలస్యమవుతుంది. టీకా రోజు గుర్తుండదు. బిడ్డ పెరుగుదల ఇలాంటి చిన్న చిన్న పనుల మీదే నడుస్తుంది.

అయితే పరిశోధకులు ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పారు. దిగులు వల్ల బిడ్డ ఎదగలేదా? లేక బిడ్డ ఎదగట్లేదని తల్లికి దిగులా? ఒక్కసారి అడిగిన ప్రశ్నలతో ఇది తేలదు. తేలాలంటే ఒకటే దారి. కొందరు తల్లులకి దిగులు తీరే సాయం చేసి చూడాలి. ఆ తర్వాత పిల్లల్ని చూడాలి. ఆ పని ఎవరు చేశారో కాసేపట్లో చెబుతాను.

ఈలోగా, తల్లి మొహం బిడ్డకి ఎంత ముఖ్యమో చూపించిన ఒక ప్రయోగం. 1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వవేత్త చేశాడు. ఎదురుగా కూర్చున్న పసిబిడ్డతో తల్లి నవ్వుతూ, మాట్లాడుతూ ఆడుకుంటుంది. తర్వాత ఆవిడ ఒక రెండు మూడు నిమిషాలు మొహంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతుంది. నవ్వదు. పలకదు. ఊరికే చూస్తుంది. అంతే.

బిడ్డ ముందు నవ్వుతుంది. ఎప్పుడూ పని చేసే నవ్వు అది. అమ్మ నవ్వదు. చేతులు చాపుతుంది. అమ్మ కదలదు. గట్టిగా కూస్తుంది. లాభం లేదు. కాసేపటికి బిడ్డ మొహం తిప్పేసుకుంటుంది. కొందరు ఏడుపు లంకించుకుంటారు. మాటలు రాని పసిగుడ్డు, నా ఎదురుగా ఉన్న మనిషి నాతో లేదు అని పసిగడుతుంది.

ఈ ప్రయోగం సంగతి వినగానే చాలామంది తల్లులు గుండె పట్టుకుంటారు. అయ్యో, నిన్న విసుక్కున్నానే, మొన్న ఫోను చూస్తూ పలకలేదే అని. కంగారు పడకండి. అదే ట్రానిక్ ఇంకో మాట కూడా చెప్పాడు. ఎంత మంచి తల్లైనా, ఎంత హుషారు బిడ్డైనా, ఇద్దరికీ పొత్తు కుదరని క్షణాలే ఎక్కువ. కుదరకపోవడం మామూలు. మళ్ళీ కుదుర్చుకోవడమే బిడ్డ నేర్చుకునేది. అమ్మ కోప్పడింది, మళ్ళీ ఎత్తుకుంది. ఆ మళ్ళీ ఎత్తుకోవడం బిడ్డకి ధైర్యం. వారాలకి వారాలు, నెలలకి నెలలు అమ్మకి ఎత్తుకునే శక్తి లేకపోతేనే చిక్కు. అప్పుడు తల్లిని తప్పు పట్టడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ఆవిడకి సాయం కావాలి.

మన ఇళ్ళల్లో బాలింతకి సాయం లేదంటే ఎవరూ ఒప్పుకోరు. పుట్టింటికి తీసుకొస్తాం. పథ్యం పెడతాం. నూనె రాసి వేడినీళ్ళు పోస్తాం. సాంబ్రాణి పొగ వేస్తాం. అమెరికాలో కూతురు పురుడు పోసుకుంటే అమ్మ ఆరు నెలలు వెళ్ళి ఉంటుంది. ఇదంతా సాయమే, చాలా పెద్ద సాయం. ఈ ఆచారాలు పెట్టిన పెద్దలకి దండం పెట్టాలి. కానీ ఒంటికి ఉన్నంత పథ్యం మనసుకి లేదు. బాలింత ఏడిస్తే, ఏడవకు, పాలు ఇగిరిపోతాయి అంటాం. ఎందుకు ఏడుస్తున్నావమ్మా అని అడగం. ఎక్కువ మాట్లాడితే గాలి సోకిందేమో అంటాం.

2002లోనే గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్, ఆయన సహచరులు బాలింతల్లో దిగులు గురించి ఒక పరిశోధన అచ్చు వేశారు. కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో, నూటికి 23 మంది తల్లులు డిప్రెషన్‌తో ఉన్నారని తేలింది. ఎవరికి ఎక్కువ? డబ్బుకి కటకటగా ఉన్నవాళ్ళకి. భర్తతో పొసగనివాళ్ళకి. ఇంకా, ఆడపిల్ల పుట్టినవాళ్ళకి.

ఆ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. పుట్టిన బిడ్డ ఆరోగ్యంగానే ఉంది. తల్లి ఒళ్ళు బాగానే ఉంది. అయినా ఆవిడకి జబ్బు వచ్చింది. ఆ జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? మళ్ళీ ఆడపిల్లేనా అన్న మాటలోంచి వచ్చింది. ఆ మాట అన్నవాళ్ళు మరిచిపోయి ఉంటారు. దీనికి మందు డాక్టరు దగ్గర లేదు. మన నోట్లోనే ఉంది.

ఇప్పుడు ఇందాక చెబుతానన్న కథ.

పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెలు. డాక్టర్ ఆతిఫ్ రహమాన్ అనే మానసిక వైద్యుడు అక్కడి గర్భిణుల్లో డిప్రెషన్ ఉన్నవాళ్ళని గుర్తించాడు. మరి వైద్యం ఎవరు చేస్తారు? పల్లెల్లో మానసిక వైద్యులు లేరు. కానీ మన ఆశా కార్యకర్తల్లాగే అక్కడా ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు. లేడీ హెల్త్ వర్కర్లు అంటారు. హైస్కూలు చదువు చదివిన ఆ ఊరి ఆడవాళ్ళే. వాళ్ళకి రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. కొన్ని నెలల తర్వాత ఇంకో రోజు. నెలనెలా వాళ్ళకి తోడుగా పర్యవేక్షణ ఉంది. అంతే.

ఈ కార్యకర్తలు చేసిందేమిటి? ప్రసవానికి ముందు నెలలో వారం వారం వెళ్ళారు. ప్రసవమయ్యాక మొదటి నెలలో మూడు సార్లు. ఆ తర్వాత నెలకోసారి. వెళ్ళి కూర్చుని మాట్లాడారు. బొమ్మలున్న పుస్తకం చూపించి మాట్లాడారు.

ఏం మాట్లాడారు? ఒక ఉదాహరణ నేనే అల్లి చెబుతాను. పిల్లాడికి విరేచనాలు అవుతున్నాయి. తల్లి, అంతా నా ఖర్మ, నేను ఏం చేసినా వీడు బాగుపడడు అనుకుంటుంది. అలా అనుకున్నాక చేతులు ఆడవు. పడుకుండిపోతుంది. కార్యకర్త పక్కన కూర్చుని అడుగుతుంది. సరే అక్కా, అలా అనుకున్నాక ఏం చేశావు? ఏమీ చేయలేదు. పోయినసారి వాడికి ఒంట్లో బాగోలేనప్పుడు ఏం చేశావు? ఓఆర్ఎస్ కలిపి పట్టాను. తగ్గిందా? తగ్గింది. మరి నువ్వు చేస్తే తగ్గిందిగా? ఇవాళ ఆ ఒక్క పని చేద్దామా? చూశారా, ధైర్యంగా ఉండు అని సలహా ఇవ్వలేదు. ఒక ఆలోచనని పట్టుకుని, దాన్ని తిప్పి చూపించింది. చిన్న పని ఒకటి చేయించింది. మళ్ళీ వచ్చినప్పుడు ఆ పని ఏమైందని అడుగుతుంది. డాక్టర్లు చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే చికిత్స ఉంది. అందులోని కిటుకులే ఇవి. ఇంటి భాషలోకి దించారు.

ఇందులో నాకు బాగా నచ్చిన తెలివి ఒకటుంది. వాళ్ళు ఆ ఇంటికి వెళ్ళి, మీ కోడలికి మానసిక జబ్బు అని చెప్పలేదు. బిడ్డ బాగా ఎదగడానికి మాట్లాడదాం రండి అన్నారు. బిడ్డ పేరు చెబితే ఏ అత్తగారు కాదంటుంది? ఏ మామగారు అడ్డుపడతారు? అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకున్నారు, భర్తని కూడా. ఆ అత్తగారు కూడా ఒకప్పుడు ఇలాగే కూర్చుని ఏడ్చిన కోడలే కదా.

ఫలితం 2008లో వచ్చింది. బిడ్డకి ఆరో నెల వచ్చేసరికి, ఈ మాటల సాయం అందిన తల్లుల్లో నూటికి 23 మందికి మాత్రమే డిప్రెషన్ మిగిలింది. అందని ఊళ్ళల్లో 53 మందికి. ఆ రెండో రకం ఊళ్ళకి కూడా కార్యకర్తలు అన్ని సార్లూ వెళ్ళారు. ఊరికే పలకరించి వచ్చారు. అంటే ఊరికే వెళ్ళడం వేరు, పద్ధతిగా మాట్లాడటం వేరు. మళ్ళీ చెబుతున్నాను. 53 ఎక్కడ, 23 ఎక్కడ! మందు బిళ్ళ ఒక్కటి వాడకుండా, సగానికి సగం కంటే ఎక్కువ తగ్గింది.

మరి పిల్లలో? ఇక్కడ నిజం నిజంలా చెప్పాలి. పిల్లల బరువులో, ఎత్తులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దిగులు తీరితే బిడ్డ పొడుగవుతాడని ఆశపడ్డ పరిశోధకులకి ఆ ఆశ తీరలేదు. కానీ ఆ పిల్లలకి విరేచనాలు తక్కువ అయ్యాయి. టీకాలు సరిగ్గా పడ్డాయి. తల్లులే కాదు, తండ్రులు కూడా పిల్లలతో ఎక్కువ ఆడుకున్నారు. ఏడేళ్ళ తర్వాత ఆర్థికవేత్తలు మళ్ళీ ఆ ఇళ్ళకి వెళ్ళి చూశారు. ఆ తల్లులకి ఇంటి ఖర్చుల మీద, డబ్బు మీద పట్టు పెరిగింది. పిల్లల కోసం పెట్టే డబ్బూ, సమయమూ పెరిగాయి. నా దృష్టిలో ఇది ఎత్తు కొలత కంటే చిన్న ఫలితమేం కాదు. అసలు బిడ్డ ఒక సెంటీమీటరు పెరగకపోయినా, తల్లి మనసు బాగుపడితే అది చాలదా? తల్లి బిడ్డకి పాలు పట్టే యంత్రం కాదు కదా. ఆవిడ కోసం కూడా ఆవిడ బాగుండాలి.

ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత తన పుస్తకంగా తెచ్చింది. జీతం తీసుకునే కార్యకర్తలు కాకుండా, పక్కింటి సాటి తల్లులే ఈ పని చేయగలరా అని గోవాలోనూ, రావల్పిండిలోనూ మళ్ళీ పరీక్షించారు. గోవాలో కొంత మేలు కనిపించింది. రావల్పిండిలో ఆరు నెలలకి ఆశించినంత తేడా రాలేదు. పరిశోధన అంటే ఇదీ. అన్నిసార్లూ జేజేలు ఉండవు.

ఇంకొంచెం దగ్గరికి వద్దాం. జార్ఖండ్, ఒడిశా. సింగ్‌భూమ్, కియోంఝర్ వైపు ఆదివాసీ పల్లెలు. అక్కడ ఏక్‌జుట్ అనే సంస్థ ఆడవాళ్ళ సంఘాలతో పని చేసింది. నెలకోసారి సమావేశం. పాఠం చెప్పేవాళ్ళు లేరు. కథలు, బొమ్మలు, ఆటలు. మన ఊళ్ళో పసిబిడ్డలు ఎందుకు పోతున్నారు? మనమే ఏం చేయగలం? అని వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు, దారులు వెతుక్కున్నారు. నవజాత శిశువుల మరణాలు బాగా తగ్గాయి. 2010లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

కానీ మన సంగతికి వస్తే, ఇంకో వింత కనిపించింది. ఆ సమావేశాల్లో డిప్రెషన్ గురించి ప్రత్యేకంగా పాఠమేమీ లేదు. అయినా మూడో ఏడు వచ్చేసరికి, తల్లుల్లో ఒక మోస్తరు డిప్రెషన్ సగానికి పైగా తగ్గింది. మొదటి ఏడు కాదు, రెండో ఏడు కాదు. మూడో ఏడు. పదిమంది ఆడవాళ్ళు నెలనెలా కూర్చుని, ఒకరి కష్టం ఒకరు విని, కలిసి ఏదో ఒకటి చేయగా చేయగా వచ్చిన మార్పు అది. డ్వాక్రా సంఘాలు మనకి ఊరూరా ఉన్నాయి. వాయిదాలు, వడ్డీ లెక్కలు అయ్యాక ఇంకో అరగంట కూర్చుంటే చాలు. ఇంత పెద్ద ఆడవాళ్ళ బలగం చేతిలో ఉంచుకుని మనం దాన్ని అప్పుల లెక్కలకే వాడుకుంటున్నాం.

పిల్లలతో ఆడుకోవడం నేర్పితే తల్లి మనసు కూడా తేలికపడుతుందని జమైకాలో చూశారు. 1980లలో కింగ్‌స్టన్ పేటల్లో, ఎదుగుదల తగ్గిన పసిపిల్లల ఇళ్ళకి ఆరోగ్య సహాయకులు వారానికో గంట వెళ్ళేవాళ్ళు. ఖాళీ సీసాలు, అట్టపెట్టెలతో చేసిన బొమ్మలు పట్టుకెళ్ళేవాళ్ళు. బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించేవాళ్ళు. తల్లి చేస్తుంటే మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకోవడం ముఖ్యం. శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు నడిపిన పరిశోధన అది. ఆ పిల్లలు పెద్దయ్యాక చూస్తే, పదిహేడేళ్ళ వయసులో వాళ్ళల్లో ఆందోళన, దిగులు తక్కువ. ఇరవై దాటాక సంపాదన, ఆ సాయం అందని తోటివాళ్ళ కంటే పాతిక శాతం ఎక్కువ. తర్వాత అదే దేశంలో ఇలాంటిదే ఇంకో ప్రయత్నం చేసినప్పుడు తల్లుల దిగులు కూడా తగ్గింది. ఈ జమైకా పద్ధతినే ఒడిశాలో, కటక్ మురికివాడల్లో కూడా చేసి చూశారు. పిల్లల తెలివితేటల్లో మేలు కనిపించింది.

మెచ్చుకోవడం అన్నాను కదా. అది మనకి కాస్త కష్టం. పిల్లల్ని ముఖం మీద పొగిడితే ఆయుక్షీణం అని మన పెద్దలు అంటారు. దిష్టి తగులుతుందని భయం. కానీ పిల్లల్ని ఎలా పెంచాలో నేర్పే చాలా శిక్షణల్లో ఒక ముఖ్యమైన పాఠం ఇదే. తిట్టడం తగ్గించు, చేసిన మంచి పనిని పేరు పెట్టి మెచ్చుకో. నువ్వు బంగారం అని కాదు. చెల్లికి చెప్పులు తొడిగావు, బాగా చేశావు అని. దిష్టి భయమున్నవాళ్ళు మెచ్చుకున్నాక ఉప్పు తిప్పి పారేయండి. నాకేం అభ్యంతరం లేదు. మెచ్చుకోవడం మాత్రం మానకండి.

ఈడొచ్చిన పిల్లలున్న ఇళ్ళ సంగతి వేరు. దక్షిణాఫ్రికాలో, ఈస్టర్న్ కేప్ అనే పేద ప్రాంతంలో, లూసీ క్లూవర్ అనే ఆచార్యురాలి బృందం తల్లిదండ్రుల్నీ, టీనేజి పిల్లల్నీ కలిపి కూర్చోబెట్టి వారం వారం శిక్షణ ఇచ్చింది. 2018లో ఫలితం వచ్చింది. కొట్టడాలు, తిట్టడాలు తగ్గాయి. పెద్దవాళ్ళ డిప్రెషన్ కూడా తగ్గింది. ఆ శిక్షణలో ఒక రోజు ఇంటి బడ్జెట్ గురించి కూడా మాట్లాడుకున్నారు. నెలాఖరుకి చేతిలో పైసా లేని తండ్రికి, పిల్లల మీద అరవకండి అని చెబితే ఏం లాభం? ఆయన అరుపు సగం అప్పులవాడి మీద.

తండ్రి అన్నాం కాబట్టి ఒక మాట. నాన్నలకి దిగులు ఉండదని ఎవరన్నారు? ఇంగ్లండులో బ్రిస్టల్ ప్రాంతంలో వేల కుటుంబాలని గమనించి, 2005లో పాల్ రామ్‌చందాని బృందం ఒక సంగతి చెప్పింది. బిడ్డ పుట్టిన కొత్తలో తండ్రికి డిప్రెషన్ ఉంటే, ఆ పిల్లలకి మూడేళ్ళు దాటాక ప్రవర్తనలో ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. మగపిల్లల్లో మరీ. మన దగ్గర మగవాడి దిగులుకి మద్యం దుకాణం ఒకటే ఆస్పత్రి. అన్నయ్యా, తమ్ముడూ, మీకు కూడా చెబుతున్నాను. నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం, ఇంటికి వెళ్ళబుద్ధి కాకపోవడం, ఇవీ లక్షణాలే.

ఇదంతా విని, ఓహో, ఒకరోజు శిక్షణా తరగతి పెట్టేస్తే సరి అనుకునే అధికారులు ఉంటారు. వాళ్ళు వినాల్సిన సంగతి ఇది. తల్లిదండ్రులకి గుంపుగా ఇచ్చే శిక్షణల మీద ప్రపంచవ్యాప్తంగా జరిగిన 48 పరిశోధనలని ఒకచోట చేర్చి కాక్రేన్ అనే సంస్థ పరిశీలించింది. శిక్షణ అయిన వెంటనే తల్లిదండ్రుల్లో దిగులు, ఆందోళన, కోపం, తప్పు చేస్తున్నామన్న బాధ, అన్నీ తగ్గాయి. ఆరు నెలలకి కొన్నే మిగిలాయి. ఏడాది తిరిగేసరికి ఆ మేలు మిగిలిందని గట్టిగా చెప్పలేకపోయారు. కాబట్టి ఒకసారి చెప్పి వదిలేస్తే చాలదు. మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. జార్ఖండ్‌లో మూడో ఏటికి మార్పు కనిపించింది. ఒక్క ఏడాదికే నిధులు ఆపేసి ఉంటే, ఇది పనికిరాదని రాసేసేవాళ్ళు.

మరి మళ్ళీ మళ్ళీ ఎవరు వెళ్ళాలి? అందరి వేలూ అంగన్‌వాడీ టీచరు వైపో, ఆశా కార్యకర్త వైపో చూపిస్తాయి. వాళ్ళు చేయగలరు. రావల్పిండిలో చేసింది వాళ్ళలాంటివాళ్ళే. కానీ మన టీచరమ్మకి ఇప్పటికే గుడ్లు, పాలు, బరువులు, రిజిస్టర్లు, ఫోనులో ఫోటోలు. ఆ తలకి ఇంకో తట్ట ఎత్తితే ఆవిడ మనసు ఎవరు చూస్తారు? పని ఇవ్వాలంటే ముందు వేరే పని తీసేయాలి. శిక్షణ ఇవ్వాలి, తోడు ఉండాలి, చేసినదానికి డబ్బు ఇవ్వాలి. ఇవేవీ లేకుండా తల్లుల మనసు కూడా మీరే చూడండి అనే ఒక కాగితం పంపితే, అది కాగితంగానే మిగులుతుంది.

ఇంకొక్క ముఖ్యమైన సంగతి. ఇప్పటిదాకా చెప్పింది మాటలతో తగ్గే దిగులు గురించి. కానీ కొద్దిమంది బాలింతలకి, కాన్పయిన మొదటి వారాల్లో, ఉన్నట్టుండి మనసు అదుపు తప్పుతుంది. అసలు నిద్రే ఉండదు. ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. బిడ్డని మార్చేశారని, బిడ్డలో ఏదో చెడు ఉందని అనుకుంటుంది. దాన్ని దయ్యం అనుకుని మంత్రగాడి దగ్గరికి తిప్పకండి. ఆలస్యం చేయకండి. తల్లికీ ప్రమాదం, బిడ్డకీ ప్రమాదం. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మందులతో బాగా తగ్గే జబ్బు అది. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటి తల్లుల్ని బిడ్డతో సహా చేర్చుకునే ప్రత్యేక వార్డు 2009 నుంచీ ఉంది. తల్లినీ బిడ్డనీ విడదీయకుండా వైద్యం చేస్తారు. ఇలాంటి వార్డు మన పెద్దాస్పత్రుల్లో కూడా ఉండాలని అడగాల్సింది మనమే.

అంతవరకూ రాని బాధకి, ఇంట్లో చెప్పుకోలేని బాధకి, ఫోనులో సాయం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్. నంబరు రాసుకోండి. 14416. పెన్ను దొరకలేదా? మళ్ళీ చెబుతాను. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. డబ్బు అక్కర్లేదు. పగలూ రాత్రీ పలుకుతారు. తెలుగులోనే మాట్లాడొచ్చు. తల్లే చేయాలని లేదు. భర్త చేయొచ్చు, అత్తగారు చేయొచ్చు, పక్కింటివాళ్ళు చేయొచ్చు. మీకు తెలిసిన బాలింత ఎవరైనా ఉంటే ఈ నంబరు ఆవిడకీ, ఆవిడ ఇంట్లోవాళ్ళకీ ఇవాళే చెప్పండి. 14416.